బొగ్గుబాయి పలుకుబడి: సింగరేణి కార్మికుల వాడుకమాటల చరిత్ర

బొగ్గుబాయి పలుకుబడి యనగా, గోదావరీ తీరమున రామగుండము, గోదావరిఖని మొదలుకొని ఉత్తరమున మందమర్రి, బెల్లంపల్లి వరకును, దక్షిణమున కొత్తగూడెము, ఇల్లందు వరకును వ్యాపించిన సింగరేణి గనుల సీమలో కార్మికులును, వారి కుటుంబములవారును నిత్యము వాడుకొను వృత్తిపదముల సముదాయము. క్రొత్తగా వినువారికిది చెడిన ఇంగ్లీషుగను, సగము తెలిసిన ఉర్దూగను తోచవచ్చును గాని, ఆ మాటల నొక్కొక్కదానిని విప్పి చూచినచో దేశాంతరముల చరిత్రయు, కూలి లెక్కల కాఠిన్యమును, భూగర్భమున బ్రతుకు నిలుపుకొన్న మనుష్యుల చమత్కారమును వానియందు కలసి కనబడును.

1871లో భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. 1886లో ఇంగ్లండునందు స్థాపితమైన హైదరాబాదు దక్కను కంపెనీ గని హక్కులను సంపాదించెను. 1889లో త్రవ్వకము ప్రారంభమైనది. సమీప గ్రామమగు సింగరేణి పేరు గనులకు సంక్రమించి, 1920 డిసెంబరు 23న ఏర్పడిన సంస్థ నామముగా స్థిరపడినది. 1945లో నిజాము ప్రభుత్వము వాటాలలో అధిక భాగమును కొనెను. రామగుండము వైపున గనులు తెరువబడినది చాల తరువాత, 1960 దశకారంభమున. అప్పుడు నదీనామమునకు ‘ఖని’ యను సంస్కృత శబ్దమును చేర్చి గోదావరిఖని యను ముచ్చటైన సమాసమును కల్పించిరి. నేడు కంపెనీ కాగితములలో అది ‘జీడీకే’. ఊరివారికి వట్టి ‘ఖని’.

ఈ చరిత్రక్రమము వలన మూడు భాషలు బాయిలో కలిసినవి. గని నడపిన యజమానుల యంత్రపదములు ఇంగ్లీషువి. హైదరాబాదు రాజ్యమున అధికార వ్యవహారము ఉర్దూది. దిగి బొగ్గు తీసినవాని నోరు తెలుగుది. గ్రామములనుండి వచ్చిన రైతుకూలీలకు భూమిలోనికి దిగు గుంత యేదైనను ‘బాయి’యే కావున, పొలమున నీరు తోడు మోటబావికి చెల్లిన మాటయే బొగ్గుగనికిని చెల్లినది. ‘బాయి పని’, ‘బాయిల దిగుడు’, గని మేనేజరునకు ‘బాయి దొర’ అను పేరు అట్లు వచ్చినవే. పొలపు బావిలో నీరు ఊరవలెనని కోరుకొన్నవాడే ఇచ్చట ఊరిన నీటిని రేయింబవళ్లు పంపులతో బయటికి తోడింపవలసి వచ్చినను, మాట మాత్రము మారలేదు.

ఈ పలుకుబడియందు అత్యంత సంపన్నమైనది హాజరు, సెలవు, కూలి లెక్కలకు సంబంధించిన భాగము. దాని నడుమ నున్న మాట ‘మస్టరు’. సైనికులను వరుసగా నిలిపి లెక్కించుటకు ఇంగ్లీషు సేనలో చెల్లిన ఈ పదము, హాజరు పట్టీ పేరుగా గని కచేరీకి వచ్చి, కార్మికుని నోట ఒక్క దినపు పనికే పేరైనది. ‘మస్టరు పడినది’ అనగా నేటి కూలి దక్కినది. ‘ఈ నెల ఎన్ని మస్టర్లు?’ అనగా నీ యింటి పరిస్థితి యేమి యని అడిగినట్లే. 1952 నాటి గనుల చట్టము ప్రకారము భూగర్భమున పనిచేయువాడు సంవత్సరమునకు 190 హాజరులును, ఉపరితలమున పనిచేయువాడు 240 హాజరులును పూర్తిచేసిననే వేతనముతో కూడిన వార్షిక సెలవునకు అర్హుడయ్యెడివాడు. ఈ రెండు సంఖ్యలు కార్మిక కుటుంబములలో ఎంతగా నాటుకొన్నవనగా, అక్షరజ్ఞానము లేని తల్లియు భర్త మస్టర్లను వేళ్లమీద లెక్కించి చెప్పగలదు. మస్టరునకు ప్రతిపక్షము ‘నాగా’. చెప్పకయే పని మానుటకు హిందుస్తానీలో చెల్లు ఈ మాట, బాయి సీమలో పెండ్లి సంబంధములకు వరుని గుణదోషములు విచారించునప్పుడును వినబడును. నాగాలు పెట్టువాడన్న పేరు త్రాగుబోతు పేరు కంటె మేలైనదేమియు కాదు.

వీనియన్నింటిలో విచిత్రమైనది ‘ప్లేడే’. ఇంగ్లీషు తెలిసినవా డీ మాట విని ఆటల దినమని యనుకొనును. సింగరేణిలో ప్లేడే యనగా వారపు విశ్రాంతి దినమున పిలువబడి, అధిక వేతనమునకై చేయు పని. ఆట పేరుతో ఇంత చెమట యెట్లు కలిసినదన్నచో, సమాధానము ఉత్తర ఇంగ్లండు, స్కాట్లండు గనులలో ఉన్నది. ఆ సీమల బొగ్గుకార్మికుల మాండలికమున ‘ప్లే’ అనగా పని లేక యుండుట, గని నిలిచిపోవుట. యార్కుషైరు మాండలికమున ఆడుటకు చెల్లు ‘లేక్’ అను క్రియయు అట్లే పని లేకుండుటను తెలుపును. గని మూతపడిన దినము వారికి ‘ప్లే డే’. ఆ దినమున ఆకలియే గాని ఆట లేదు. బ్రిటిషు గనుల పరిభాషతో పాటు దక్కనునకు వచ్చిన ఈ పదము ఇచ్చట ఇంకొక మలుపు తిరిగినది. విశ్రాంతి దినమునకు ఆ పేరు నిలిచి, ఆ దినమున పని దొరకుట అదృష్టమైన పిమ్మట, పేరు ఆ పనికే సంక్రమించినది. ‘ఈ ఆదివారము నాకు ప్లేడే ఇచ్చిరి’ యని కార్మికుడు సంతోషముతో చెప్పునప్పుడు, దూరదేశపు కార్మికుని నిరుద్యోగ దినము ఇచ్చటివాని అధిక సంపాదనగా పరిణమించినది. మాటల అర్థవిపర్యయమునకు ఇంతకంటె మంచి ఉదాహరణము భాషాశాస్త్ర గ్రంథములలోను అరుదుగా దొరకును.

‘బదిలీ’ అను మాటయు అర్థమున దారి చీలినదే. తక్కిన తెలుగు దేశమునకు బదిలీ యనగా ఉద్యోగిని ఒక చోటినుండి వేరొక చోటికి పంపుట. సింగరేణిలో ‘బదిలీ వర్కరు’ ఎచ్చటికిని పోడు. నాగా పెట్టినవానికి బదులుగా పనికి దిగును. ఒకదాని స్థానమున మరొకటి యను మూలార్థమునకు దగ్గరగా నున్నది గని వాడుకయే. బొంబాయి నూలుమిల్లులలోను ఈ మాట ఈ యర్థమునందే చెల్లినది. బదిలీగా చేరిన యువకుడు నిర్ణీతమైన మస్టర్లు నింపి ‘జనరల్ మజ్దూరు’ అగుట అతని జీవితమున మొదటి మెట్టు.

సముద్రమునకు వందల మైళ్ల దూరమున, భూమి క్రింద, నావికుల పదములు బ్రతికియుండుట ఆశ్చర్యము కలిగించును. నీరు తోడు యంత్రమును కనిపెట్టి యుండువాడు ‘పంపు ఖలాసి’. బరువైన యంత్రభాగములను గుంపుగా కదలించువారు ‘టిండాళ్లు’. ఖలాసి యనువాడు మొదట ఓడ కూలీ; పిదప ఆ పేరు సైనిక శిబిరములలో గుడారములు వేయువానికిని, రైల్వేలలో శ్రామికునికిని చెల్లి, బొగ్గుగనికి చేరినది. టిండాలు మన ఉత్తరాంధ్ర తీరమున పడవ నాయకుడగు ‘తండేలు’నకు సోదరశబ్దమే. ఇంగ్లీషు ఓడలలో దేశీయ నావికుల పెద్దకు అది బిరుదై, బరువులెత్తు బృందములకు వ్యాపించి, జాతీయ బొగ్గు వేతన ఒప్పందముల హోదాల పట్టికలో స్థిరపడినది. శ్రీకాకుళపు జాలరి నాయకుడును, గోదావరిఖని టిండాలును ఒకే పేరు మోయుచున్నారని వారిరువురికిని ఎవరైనను చెప్పవలసి యున్నది.

చేతితో బొగ్గు నింపిన కాలపు గుర్తు ‘తట్టా చెమ్మస్’. తట్ట మనదే; చెమ్మసు, పెద్ద పార. చమచా యను ఉర్దూ గరిటె మాటకును దీనికిని గల పోలిక స్పష్టము. బొగ్గును తవ్వి, తట్టకెత్తి, ‘టబ్బు’ అను బొగ్గుబండిని నింపిన ఫిల్లరు తన బరువైన పారకు వంటింటి గరిటె పేరు పెట్టుకొనుటలో హాస్యమును ఉన్నది, ఆ పార తోడనే తన కూడు వచ్చుచున్నదన్న ఎఱుకయు ఉన్నది. యంత్రములు వచ్చి తట్టా చెమ్మసు తొలగినను, కాయకష్టమునకు పర్యాయముగా ఆ జంటపదము నిలిచినది.

కొన్ని మాటలు మార్పు లేకయే వచ్చి, బయటివారిని తికమకపెట్టును. ‘డ్రెస్సరు’ అనగా ఆసుపత్రిలో కట్టు కట్టువాడు కాడు. పేలుడు జరిగిన పిమ్మట ముందుగా పోయి, పైకప్పును తట్టి, ఆ చప్పుడును బట్టి వదులైన రాతిని గుర్తించి, గడ్డపారతో పడగొట్టి, వెనుక వచ్చువారికి దారి భద్రము చేయువాడు. ఈ పని యొక్క విలువను ఒక్క తేదీ చెప్పును: 2003 అక్టోబరు 16న గోదావరిఖని 8-ఏ ఇంక్లైనులో పైకప్పు కూలి 10 మంది మరణించిరి. ‘మ్యాగజైను’ అనగా గని సీమలో పత్రిక కాదు, పేలుడు పదార్థముల కొట్టు. నిజమునకు ఇదియే ప్రాచీనార్థము. గిడ్డంగి యను అర్థముగల అరబ్బీ పదము ఫ్రెంచి, ఇంగ్లీషుల మీదుగా వచ్చినది. విషయముల గిడ్డంగి యను భావముతో 1731లో లండనునందొక పత్రిక ఆ పేరు పెట్టుకొన్న పిదపనే పత్రికకు ఆ యర్థము వ్యాపించినది.

ఊళ్ల పేర్లలోను బాయి ముద్ర యున్నది. ఏటవాలుగా భూమిలోనికి దిగు మార్గము ‘ఇంక్లైను’. ఎనిమిదవదాని ప్రక్కన వెలసిన నివాసము ‘యైటింక్లైన్ కాలనీ’. ఇంగ్లీషు సంఖ్యయు, ఇంగ్లీషు నామవాచకమును అచ్చులు కలిపికొని తెలుగు సంధి వలె ఒక్క పదమైనవి; వార్తాపత్రికలును అట్లే ముద్రించుచున్నవి.

ఇంటి బ్రతుకును శాసించు మాటలు వేరు. బొగ్గు పరిశ్రమకు కేంద్ర వేతన మండలి సిఫారసులు 1967లో అమలునకు వచ్చినవి. 1975 నుండి వాని స్థానమున జాతీయ ఒప్పందములు నడచుచున్నవి. అయినను నేటికిని ప్రతి ఒప్పందమును కార్మికులు ‘వేజ్‌బోర్డు’ అనియే పిలుతురు. ‘అన్‌ఫిట్’ అను మాటకు చేరిన యర్థము మరింత గాఢమైనది: వైద్య మండలి తండ్రిని పనికి అనర్హుడని తేల్చినచో కొడుకునకు ఉద్యోగము వచ్చు పద్ధతి యున్నందున, ‘మా నాయన అన్‌ఫిట్ అయిండు’ అను వాక్యమున దుఃఖమును ఊరటయు విడదీయరాకుండ కలిసియుండును. అట్లే ‘మారుపేరు’. పరుని పేరుతో పనిలో చేరినవారు ఇంట ఒక పేరుతోను, బాయిలో వేరొక పేరుతోను జీవించిరి. ఆ రెండు పేర్ల నడుమ వారి సంతానపు ఉద్యోగ హక్కు చిక్కుకొన్నది. ఇది చమత్కారముగా కనబడు పదములలో మిక్కిలి బాధాకరమైనదని నా అభిప్రాయము.

ఉపరితల గనులు విస్తరించిన తరువాత పలుకుబడి మారినది. ‘ఓపెన్ కాస్టు’, పైమట్టి దిబ్బలకు ‘ఓబీ గుట్టలు’ అను పేర్లు వచ్చినవి. ఊళ్లు ఖాళీయగుట చూచిన జనులు ఆ గుంతలకు శ్మశానమని యర్థమిచ్చు ‘బొందలగడ్డ’ అను అచ్చ తెలంగాణ మాటను పెట్టిరి. అది తెలంగాణ ఉద్యమ సభలలోనికిని ప్రాకినది. పరభాషాపదములను ఒదిగించుకొన్న సీమ, తన ఆగ్రహమును చెప్పవలసినప్పుడు సొంత మాటనే వెదకికొన్నది.

ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి మాండలిక వృత్తి పదకోశమును 1962లో వ్యవసాయ పదములతో ఆరంభించి, తరువాత చేనేత పదములను ప్రకటించెను. నాగలి భాగములకును, మగ్గపు భాగములకును దక్కిన ఆ గౌరవము బొగ్గుబాయి మాటలకును దక్కవలెను. తట్టా చెమ్మసు పట్టినవారు విశ్రాంతి తీసికొని యిండ్లలో నున్నారు. విశ్వవిద్యాలయముల తెలుగు శాఖలు, కార్మిక సంఘములు, ఆ యిండ్ల పిల్లలు ఇప్పుడే పూనుకొని, వారి నోట వినబడు మాటలను ఉచ్చారణతోను, వాడిన సందర్భముతోను వ్రాసి భద్రపరుపవలెనని ప్రార్థన.