పిల్లలు బల్లిని పెంచుతామంటున్నారా? నిలువు టెర్రేరియంకు ఏది సరిపోతుందంటే...

గోడ మీద బల్లి కనిపిస్తే చీపురు పట్టుకుని తరిమిన తరం మనది. అమెరికాలో పెరుగుతున్న మన పిల్లలకు ఆ జంకు లేదు. స్కూల్లోనో, స్నేహితుల ఇంట్లోనో గాజు పెట్టెలో బల్లిని చూసి వచ్చి "నాన్నా, మనమూ ఒకటి పెంచుకుందాం" అంటారు. కుక్కకు అపార్ట్‌మెంట్లో వీలుకాదు, పిల్లి వెంట్రుకలు పడవు, బల్లయితే ఒక మూల పడి ఉంటుంది కదా అని పెద్దలూ మెత్తబడతారు. ఈలోగా ఇల్లు మారుతున్న పొరుగువారెవరో పొడవాటి టెర్రేరియం తక్కువ ధరకు ఇచ్చేస్తామంటారు. పెట్టె ముందు ఇంటికి వచ్చేస్తుంది. అందులో ఏ బల్లిని పెట్టాలన్న ప్రశ్న ఆ తర్వాత మొదలవుతుంది.

దీనికి షాపులో నిలబడి జవాబు వెతకొద్దు. పెంపుడు బల్లుల్లో కొన్ని పదిహేను, ఇరవై ఏళ్లు బతుకుతాయి. నాలుగో తరగతి పిల్లాడు ముచ్చటపడి తెచ్చుకున్న బల్లి, వాడు కాలేజీకి వెళ్లిపోయాక కూడా మీ ఇంట్లోనే ఉంటుంది. అప్పుడు దాని బాధ్యత అమ్మానాన్నలదే. కాబట్టి పెట్టె కొలతతో పాటు మీ ఇంటి పద్ధతులు, ప్రయాణాలు, ఇంట్లో ఉండే మనుషులను కూడా లెక్కలోకి తీసుకుని ఎంచుకోవాలి.

పెట్టె ఎత్తు ఎవరికి ఉపయోగం?

మార్కెట్లో ఎక్కువగా దొరికే నిలువు టెర్రేరియం 18 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల లోతు, 24 అంగుళాల ఎత్తు ఉంటుంది. అంటే సుమారు 33 గ్యాలన్లు. 36 అంగుళాల ఎత్తువి కూడా వస్తాయి. ఇవి చెట్ల మీద, కొమ్మల మీద బతికే బల్లుల కోసం చేసినవి. నేల మీద తిరిగే వాటికి ఎత్తుతో పని లేదు, అడుగున చోటు కావాలి.

పెట్ స్టోర్లలో బాగా అమ్ముడయ్యే రెండు రకాలు ఇక్కడే పక్కకు తప్పుకుంటాయి. లెపర్డ్ గెక్కో పాకిస్తాన్, అఫ్ఘానిస్తాన్, వాయవ్య భారత ప్రాంతాల్లో రాతి నేలల మీద బతికేది. దాని వేళ్లకు మన ఇంటి బల్లిలా గోడను పట్టుకునే మెత్తలు ఉండవు. ఆస్ట్రేలియాకు చెందిన బియర్డెడ్ డ్రాగన్‌కు నాలుగడుగుల పొడవైన అడ్డ పెట్టె కావాలి. రెండూ మొదటిసారి పెంచేవారికి మంచివే, కానీ నిలువు పెట్టెకు సరిపడవు.

మొదటి ఎంపిక: క్రెస్టెడ్ గెక్కో

ఎక్కువ కుటుంబాలకు సరిపోయేది ఇదే. ఆస్ట్రేలియాకు తూర్పున పసిఫిక్ మహాసముద్రంలో ఉన్న న్యూ కాలెడోనియా దీవులు దీని స్వస్థలం. 1866లో శాస్త్రవేత్తలు దీన్ని నమోదు చేశారు. ఆ తర్వాత చాలాకాలం కనిపించకపోవడంతో అంతరించిపోయిందనుకున్నారు. 1994లో మళ్లీ కనిపించింది. ఇప్పుడు అమెరికాలో అమ్మేవి దాదాపు అన్నీ పెంపకంలో పుట్టినవే, అడవి నుంచి పట్టి తెచ్చినవి కావు.

తోకతో కలిపి ఎనిమిది అంగుళాల దాకా పెరుగుతుంది. 18x18x24 పెట్టె ఒకదానికి జీవితాంతం చాలు. మరీ పిల్లగా ఉన్నప్పుడు మాత్రం అంత పెద్ద పెట్టెలో తిండి గిన్నె వెతుక్కోలేదు, కొన్ని నెలలు చిన్న పెట్టెలో పెంచి మార్చాలి. కళ్లపైన రెప్పవెంట్రుకల్లాంటి అంచు ఉంటుంది గానీ నిజానికి దీనికి కనురెప్పలు లేవు. నాలుకతో కళ్లు తుడుచుకుంటుంది. పిల్లలకు అది చూడటం మహా సరదా.

దీనికి 72 నుంచి 78 డిగ్రీల ఫారెన్‌హీట్ చాలు. మనం ఇళ్లలో ఉంచుకునే ఉష్ణోగ్రత కూడా దాదాపు అంతే కాబట్టి చాలా ఇళ్లలో వేడి దీపం అవసరం రాదు. తిండి కూడా సులువు. నీళ్లలో కలిపే పొడి ఆహారం దొరుకుతుంది, కాల్షియం, విటమిన్లు అందులోనే ఉంటాయి. పెద్దదానికి రోజు విడిచి రోజు సాయంత్రం పెట్టి, మర్నాడు తీసేస్తే సరిపోతుంది. బతికున్న కీచురాళ్లను ఫ్రిజ్ పక్కన డబ్బాలో పెంచడం ఇష్టంలేని ఇళ్లకు ఇది పెద్ద ఊరట. అయితే పూర్తి శాకాహారం అనుకోవద్దు. ఈ పొడుల్లో చాలావాటిలో గుడ్డు, పాల పదార్థాలు, పురుగుల పొడి ఉంటాయి. పట్టింపు ఉన్నవారు లేబుల్ చదువుకోవాలి. అరటిపండు గుజ్జు ఒక్కటే పెడుతూ పోతే కాల్షియం చాలక ఎముకలు మెత్తబడతాయి.

దీనితో వచ్చే ఇబ్బందులు మూడు. ఒకటి, ఇది రాత్రి తిరిగే జీవి. పగలంతా ఆకుల చాటున నిద్రపోతుంది. రెండు, భయపడితే తోక వదిలేస్తుంది, మన ఇంటి బల్లిలా మళ్లీ మొలవదు. ప్రాణానికి ముప్పు లేదు గానీ పిల్లలు బెంగపడతారు, ముందే చెప్పి ఉంచండి. మూడు, ఉన్నట్టుండి దూకుతుంది. ఒంటి మీద బల్లి పడితే పంచాంగం తిరగేసే అమ్మమ్మలు ఇంట్లో ఉంటే ఈ సంగతి కూడా ముందే చెప్పాలి!

దీని దగ్గరి బంధువు గార్గాయిల్ గెక్కో. అదే దీవులు, అదే వేడి, అదే తిండి. దానికి తోక పోయినా మళ్లీ వస్తుంది.

పగటిపూట చూసి ఆనందించాలంటే

పిల్లలు మెలకువగా ఉన్నప్పుడు కదిలేది కావాలంటే గ్రీన్ అనోల్ ఉంది. హ్యూస్టన్, అట్లాంటా, షార్లెట్ లాంటి చోట్ల ఉన్నవారికి ఇది పెరటి చుట్టమే. ఆకుపచ్చ నుంచి గోధుమ రంగుకు మారుతుంది, మగది గొంతు కింద ఎర్రటి సంచిని విప్పి చూపిస్తుంది. చిన్న ప్రాణి, ఆయుష్షు కూడా కొద్దేళ్లే. చౌకగా వస్తుంది కానీ అమర్చాల్సిన సామగ్రి చౌక కాదు. 85 నుంచి 90 డిగ్రీల వేడి దీపం, యూవీబీ లైటు, బతికున్న చిన్న పురుగులు తప్పనిసరి. గిన్నెలో నీళ్లు తాగడం తక్కువ, ఆకుల మీద చల్లిన చుక్కలు నాకుతుంది. చేత్తో పట్టుకుంటే బెదిరిపోతుంది. అమ్మేవాటిలో చాలావరకు అడవిలో పట్టినవే, వాటికి పరాన్నజీవుల బెడద ఉండొచ్చు. పెరట్లో కనిపించిన దాన్ని మాత్రం పెరట్లోనే ఉండనివ్వండి.

మడగాస్కర్‌కు చెందిన జెయింట్ డే గెక్కో మరో అందగత్తె. పచ్చని ఒంటి మీద ఎర్రటి చుక్కలతో పది, పదకొండు అంగుళాలు ఉంటుంది. 36 అంగుళాల పెట్టె ఉంటే దీనికి బాగుంటుంది. పొడి ఆహారంతో పాటు పురుగులు కూడా కావాలి. చర్మం ఎంత పల్చనిదంటే గట్టిగా పట్టుకుంటే చిరిగిపోతుంది. అక్వేరియంలో చేపను చూసినట్టు దూరం నుంచి చూడగలిగే ఇంటికే ఇది తగును.

ఊసరవెల్లి మీద మోజుంటే ఒక్క క్షణం ఆగండి

యెమెన్, సౌదీ ప్రాంతాలకు చెందిన వీల్డ్ ఊసరవెల్లిని షాపులో చూస్తే ఎవరికైనా మనసవుతుంది. మగది రెండడుగుల దాకా పెరుగుతుంది. దానికి గాలి బాగా ఆడే జాలీ పంజరం, అదీ నాలుగడుగుల ఎత్తుది మేలు. మీ దగ్గరున్న గాజు పెట్టె దానికి ఇరుకు. బొట్లు బొట్లుగా పడే నీళ్లు, యూవీబీ, పురుగులు, వీటిలో ఏది తప్పినా త్వరగా జబ్బు పడుతుంది. ఆడది మగదాని తోడు లేకపోయినా గుడ్లు పెడుతుంది. తవ్వుకోవడానికి తగినంత లోతున మట్టి లేకపోతే గుడ్లు కడుపులోనే ఉండిపోయి చనిపోవచ్చు. మొదటి బల్లిగా ఇది వద్దు.

తొండ ముదిరితే...

తొండ ముదిరి ఊసరవెల్లి అవుతుందంటారు. అమెరికా షాపుల్లో అరచేతిలో పట్టే ఆకుపచ్చ ఇగ్వానా ముదిరితే ఐదారడుగుల జంతువవుతుంది. దానికి పెట్టె చాలదు, ఒక గది కావాలి. మోయలేక జనం బయట వదిలేసినవీ, ఓడల్లో సరుకుతో వచ్చి చేరినవీ కలిసి ఫ్లోరిడాలో బెడదగా మారాయి. 2021లో ఆ రాష్ట్రం దీన్ని నిషిద్ధ జాబితాలో చేర్చింది. చైనీస్ వాటర్ డ్రాగన్ కూడా రెండు మూడడుగులు పెరిగేదే. ఇక టోకే గెక్కో మన ఈశాన్య రాష్ట్రాల్లోనూ కనిపించే అందమైన బల్లి, కానీ కరిచిందంటే ఒక పట్టాన వదలదు. పిల్లలున్న ఇంటికి పనికిరాదు.

పెట్టె లోపల ఏముండాలి?

* అడుగున కొబ్బరి పొట్టు లేదా రసాయనాలు కలపని మట్టి మిశ్రమం.
* నిలువు, ఏటవాలు, అడ్డ కొమ్మలు. పైభాగంలో అడ్డ కొమ్మలు ఎక్కువ ఉండాలి.
* దాక్కోవడానికి దట్టమైన ఆకులు. మన ప్రతి ఇంట్లో ఉండే మనీ ప్లాంట్ క్రెస్టెడ్ గెక్కోకు చక్కగా సరిపోతుంది. పురుగుమందు చల్లిన కొత్త మొక్కను నేరుగా పెట్టొద్దు.
* నిలువు పెట్టెలో పైన వేడి, కింద చల్లదనం ఉంటాయి. అందుకే రెండు థర్మామీటర్లు, ఒక తేమ కొలిచే మీటరు కావాలి. వేడి దీపం వాడితే జాలీ మూతకు బయటే, థర్మోస్టాట్‌తో.
* క్రెస్టెడ్ గెక్కోకు సాయంత్రం బాగా నీళ్లు చల్లి, పగలు కొంత ఆరనివ్వాలి. ఎప్పుడూ తడిగా ఉంటే బూజు పడుతుంది. చలికాలంలో ఇంటి హీటర్ గాలిని పొడిబారుస్తుంది కాబట్టి ఉదయం కూడా కాస్త చల్లండి.
* పెట్టెకు ఒక్క బల్లే. రెండు మగవాటిని కలిపితే కొట్టుకుంటాయి.
* కిటికీ ఎండ నేరుగా పడే చోటు, పోపు పొగ, అగరుబత్తి పొగ చేరే చోటు వద్దు.

ఇంట్లో పసిపిల్లలు, పెద్దవాళ్లు ఉంటే

అన్నిటికన్నా ముఖ్యమైన విషయం ఇది. ఆరోగ్యంగా కనిపించే బల్లి మలంలో కూడా సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండొచ్చు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ సలహా ప్రకారం ఐదేళ్లలోపు పిల్లలు, 65 ఏళ్లు దాటినవారు, రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నవారు బల్లులు, పాములు, తాబేళ్లను ముట్టుకోకూడదు. ఇండియా నుంచి ఆరు నెలలు ఉండటానికి వచ్చే అమ్మమ్మలు, తాతయ్యలు, ఇంట్లో పాకుతున్న చంటిబిడ్డ, అందరూ ఈ జాబితాలోకే వస్తారు.

బల్లిని ముట్టుకున్నా, పెట్టెలో చెయ్యి పెట్టినా సబ్బుతో చేతులు కడగాలి. దాని గిన్నెలను వంటింటి సింకులో కడగొద్దు. వంటగదిలో, డైనింగ్ టేబుల్ మీద తిరగనివ్వొద్దు. ముద్దులు అసలే వద్దు. ఇంట్లో చంటిబిడ్డ ఉంటే బల్లి ఆలోచనను కొన్నేళ్లు వాయిదా వేయడమే మంచిది.

ఇండియా ప్రయాణం, ఏసీ

వేసవి సెలవుల్లో నెలకు పైగా ఊరెళ్లే కుటుంబాలు మనవి. వెళ్లేముందు కరెంటు ఆదా కోసం ఏసీని 85కి పెట్టి తాళం వేస్తాం. క్రెస్టెడ్ గెక్కోకు అది ప్రాణాంతకం కావొచ్చు. రోజుల తరబడి 82 దాటిన వేడిని అది తట్టుకోవడం కష్టం. కాబట్టి ఏసీ 75 దగ్గర నడుస్తూ ఉండాలి, రోజు విడిచి రోజు తిండి మార్చి నీళ్లు చల్లే మనిషి ఉండాలి. ఆ మనిషి ఎవరో బల్లిని కొనకముందే తేల్చుకోండి. వేడి దీపం మీద బతికే రకాలకు కరెంటు పోవడం ఇంకో గండం. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో టెక్సస్‌లో చీకటి రోజులు గడిపినవారికి ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

ఉద్యోగం, వీసా మారి ఇండియాకు తిరిగి వెళ్లాల్సి వస్తే దాన్ని వెంట తీసుకెళ్లొచ్చనే లెక్క వేసుకోవద్దు. అలాంటి రోజు వస్తే ఎవరికి అప్పగిస్తారో ముందే ఆలోచించండి. ఏ పరిస్థితిలోనూ బయట వదిలేయకండి. చలి రాష్ట్రాల్లో అది చచ్చిపోతుంది, వెచ్చని రాష్ట్రాల్లో బతికితే అక్కడి జీవులకు ముప్పు అవుతుంది.

కొనే ముందు

* అపార్ట్‌మెంట్ లీజులో సరీసృపాలకు అనుమతి ఉందేమో లీజింగ్ ఆఫీసులో అడగండి. రాష్ట్ర నిబంధనలూ చూడండి. హవాయిలో ఇవి చాలా కఠినం.
* బల్లులకు వైద్యం చేసే ఎగ్జాటిక్ వెట్ దగ్గర్లో ఉన్నారో లేదో కనుక్కోండి. కుక్కలను చూసే డాక్టర్లందరూ వీటిని చూడరు.
* పెంపకంలో పుట్టినదేనా అని అడిగి తీసుకోండి. కళ్లు లోతుకు పోయినది, వేళ్ల చివర పాత చర్మం అంటుకుని ఉన్నది, తుంటి ఎముకలు బయటపడినది వద్దు.
* పెట్టెను ముందు సిద్ధం చేసి, వారం రోజులు వేడి, తేమ నిలకడగా ఉన్నాయో చూసుకుని, ఆ తర్వాతే బల్లిని తీసుకురండి.
* షాపుకన్నా ముందు రెస్క్యూ కేంద్రాల్లో అడగండి. కాలేజీకి వెళ్లిపోయిన పిల్లలు వదిలేసిన గెక్కోలు అక్కడ దొరకొచ్చు.

ఆ వారం రోజుల్లో ఇంకో పని కూడా చేయొచ్చు. బల్లి లేకుండానే రోజూ సాయంత్రం నీళ్లు చల్లే పనిని పిల్లలకు అప్పగించి చూడండి. ఏడు రోజులూ గుర్తు చేయకుండా చేశారంటే బల్లిని తెచ్చుకోవచ్చు. మూడో రోజుకే మర్చిపోతే ఆ పెట్టెలో మనీ ప్లాంట్ పెంచుకోండి. అదీ అందంగానే ఉంటుంది.