రోగము జాడ తెలుపు బుడగలు

సెకనుకు 20,000 కంపనములను మించిన ధ్వని మనుష్యుని చెవికి వినబడదు. దానిని అతిధ్వని యందురు. స్ఫటికములను ఒత్తినచో విద్యుత్తు పుట్టునని 1880లో ఫ్రాన్సు దేశమున క్యూరీ సోదరులు కనుగొనిరి. విద్యుత్తు సోకినచో స్ఫటికము కంపించుననియు తరువాత తేలెను. మొదటి ప్రపంచయుద్ధ కాలమున లాంజెవాన్ ఈ గుణముతో జలాంతర్గాములను పసిగట్టు సాధనమును నిర్మించెను. కడుపులోని గడ్డలను ప్రతిధ్వనితో పరీక్షించు విధమును గ్లాస్గో వైద్యుడు ఇయాన్ డొనాల్డ్ సహచరులతో కలిసి 1958లో ప్రకటించెను.

అయితే ఈ పద్ధతి చూపునది అవయవముల ఆకారమును. గడ్డ కొంత పెరిగినగాని కనబడదు. వ్యాధి తొలుదొలుత మార్చునది ఆకారమును కాదు, కణములపై నుండు అణువులను. వైద్యులు వాడు ధ్వని తరంగము పొడవు మిల్లీమీటరులో కొద్ది భాగము. అణువు అంతకంటె ఎన్నో వేల రెట్లు చిన్నది. మరి దానిని పట్టుకొనుట యెట్లు?

దారి అనుకోకుండ దొరకినది. 1968లో అమెరికాలోని రోచెస్టరునందు గ్రామియాక్, షా అను వైద్యులు గుండెలోనికి రంగుమందు ఎక్కించినప్పుడు ప్రతిధ్వనులు మేఘమువలె కమ్ముటను వివరించిరి. ద్రవముతోపాటు పోయిన గాలిబుడగలే దీనికి కారణము. వాయువు ధ్వని తాకిడికి ఉబ్బుచు కుంచించుకొనుచు నెత్తురుకంటె ఎంతో గట్టిగా ప్రతిధ్వనించును. కాని వట్టి గాలిబుడగ నిమిషమైన నిలువదు. అందుచే నెత్తురులో సులభముగ కరగని వాయువును నింపి, పైన ప్రోటీను పొరగాని కొవ్వు పొరగాని తొడిగిరి. అట్టి బుడగ ఎఱ్ఱకణముకంటె పెద్దది కాదు.

ఆ పొరకు ఒక ప్రత్యేకాణువును మాత్రమే పట్టుకొను కొక్కెమును తగిలించుట తరువాతి మెట్టు. వాపు పుట్టిన రక్తనాళపు గోడపై తేలు పి-సెలెక్టిన్‌ను లిండ్నర్ బృందము 2001లో ఎలుకలలో ఈ విధముగా గుర్తించెను. బుడగలను ఎక్కించి, అంటుకొననివి తొలగిపోవుటకు కొన్ని నిమిషములాగుదురు. ఒక చిత్రము తీసి, బలమైన ధ్వనితో అక్కడి బుడగలను పగులగొట్టి, మరల చిత్రము తీయుదురు. రెండింటి భేదమే అంటుకొన్న బుడగల లెక్క.

బుడగ రక్తనాళము దాటి పోలేదు. ఇది లోపమే యైనను, క్యాన్సరు గడ్డ తనకై క్రొత్త నాళములను పెంచుకొనును గనుక ఆ నాళముల గోడలే గుఱి యైనవి. రొమ్ము, అండాశయ గడ్డలుగల 45 మంది స్త్రీలలో ఇట్టి బుడగలతో చేసిన తొలి పరీక్షల ఫలితములు 2017లో వెలువడెను. అయినను ఇది ఇంకను పరిశోధనదశలోనే యున్నది. వాపువలన కూడ కొన్ని అణువులు పెరుగును. కనుక బుడగ అంటిన చోటెల్ల క్యాన్సరని చెప్పరాదు. ఈ రెంటిని వేరుచేసి చూపగలిగిననాడే వైద్యుడు దీనిని నమ్మి కత్తి పట్టగలడు, లేక పట్టక మానగలడు.