'సర్వ్' అను మాట

జైనూరులో గోండీ, మరాఠీ, ఉర్దూ, తెలుగు నాలుగును వినవచ్చును. వీటి నడుమ ఒక ఇంగ్లీషు మాట దూరి మనదే అయి కూర్చున్నది: సర్వీసు. బస్సు సర్వీసు, సర్కారు సర్వీసు, ఆదివారపు సర్వీసు. దీనికి క్రియ 'సర్వ్'. అన్నము వడ్డించినను, కోర్టు నోటీసు అందించినను, టెన్నిసు బంతి మొదట కొట్టినను, జైలుశిక్ష అనుభవించినను ఇంగ్లీషువారికి ఇదే మాట!

మూలము వెదకినచో మనసు చివుక్కుమనును. లాటినులో 'సెర్వుస్' అనగా బానిస. అక్కడినుండి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషునకు వచ్చినది. వెట్టిచాకిరి చూచిన మన పెద్దలకు ఈ అర్థము వేరుగా చెప్పనక్కరలేదు. గ్రీకు క్రొత్త నిబంధనలో మాత్రము రెండు మాటలున్నవి. 'డూలోస్' దాసుడు. 'డియాకొనోస్' పరిచారకుడు, భోజనపు బల్లయొద్ద వడ్డించువాడును అతడే. మన 'డీకన్' ఈ రెండవ మాటనుండి పుట్టినదే.

వడ్డించువాడు తినువాని ఆకలి ఎరుగవలెను గదా. మన పొరుగున మార్లవాయిలో 1943లో హైమెన్‌డార్ఫ్ దొరగారి పూనికతో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైనది. పిల్లలకు వాచకములు దేవనాగరి లిపిలో, గోండీ భాషలోనే సిద్ధపరచిరి. మనము గూడెములకు వెళ్లి తెలుగులో సర్వీసు ముగించి వచ్చుచున్నాము. గోండీలో ఒక చిన్న ప్రార్థనయైనను చేయగలవారము మనలో ఎందరము?