మెదక్ కెథడ్రల్

మెదక్ పట్టణంలోని చారిత్రక క్రైస్తవ ప్రార్థనా మందిరం, దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) మెదక్ డయాసిస్‌కు ప్రధాన చర్చి. హైదరాబాద్‌కు సుమారు 100 కిలోమీటర్ల దూరం.

చరిత్ర: బ్రిటిష్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ దీన్ని కట్టించాడు. కరువు రోజుల్లో చేతిలో పని లేని పేదలకు ఈ కట్టడమే కూలి, కూడు అయింది. ఈ ఆలయపు అసలు గొప్పతనం అక్కడే ఉంది. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది.

నిర్మాణం: గోథిక్ శైలి. మందిరం పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. గంట గోపురం ఎత్తు 175 అడుగులు. క్రీస్తు జననం, శిలువ, ఆరోహణ ఘట్టాలు రంగుటద్దాల కిటికీల మీద కనిపిస్తాయి. వెలుతురు బయటి నుంచి పడితేనే ఆ బొమ్మలకు ప్రాణం వస్తుంది. పొద్దు గూకాక లోపలి నుంచి చూస్తే అద్దం నల్లబడి, సీసపు గీతలే మిగులుతాయి. అందుకే పగటిపూట వెళ్లాలి.

సందర్శన: క్రిస్మస్‌కు, గుడ్ ఫ్రైడేకు భక్తులు వేలాదిగా వస్తారు. ప్రశాంతంగా చూడాలంటే మామూలు రోజు మేలు. పట్టణంలోనే గుట్టపై కాకతీయుల నాటి కోట ఉంది. రెండూ చూస్తేనే మెదక్ చూసినట్టు.