హరకత్, ఖువ్వత్, జుమూద్: దక్కన్‌లో ఫిజిక్స్ సబక్

మా షాద్‌నగర్ పేరులోనే ఒక షాయర్ ఉన్నాడు. నిజాం ప్రధానిగా చేసిన మహారాజా కిషన్ ప్రసాద్ తఖల్లుస్ ‘షాద్’. ఊరికి ఆ పేరే వచ్చింది. షాయరీ ఉర్దూ మనకు యాదుంది. ఫిజిక్స్ చెప్పిన ఉర్దూనే మరిచిపోయినం.

19వ శతాబ్దం తొలి సగంలోనే హైదరాబాద్‌లో పాయెగా అమీర్, నవాబ్ ఫఖ్రుద్దీన్ ఖాన్ షమ్సుల్ ఉమరా యూరప్ సైన్స్ కితాబులను ఉర్దూలోకి తర్జుమా చేయించి, సొంత ఛాపాఖానాలో అచ్చు వేయించారు. ‘సిత్తా షమ్సియా’ అనే ఆరు రిసాలాల్లో ఒకటి జర్రె సఖీల్ గురించి. జర్ అంటే లాగడం, సఖీల్ అంటే బరువైనది. యంత్రశాస్త్రానికి అప్పటి పేరు అదే.

1917లో దారుల్ తర్జుమా ఏర్పడింది. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ వచ్చింది. ఫిజిక్స్, మెడిసిన్, ఇంజినీరింగ్ అన్నీ ఉర్దూలోనే. పోలీస్ యాక్షన్ తర్వాత అక్కడ తాలీం ఇంగ్లిష్‌లోకి మారింది. ఉర్దూ మీడియం బడుల్లో మిగిలింది.

ఇప్పుడు మన ఇళ్లలో ఒకే సబక్‌కు రెండు జబాన్లు. తాతకు ఖువ్వత్, మనవడికి బలం. హరకత్ అంటే చలనం, ఇస్రా అంటే త్వరణం, జుమూద్ అంటే జడత్వం. లఫ్జ్ కంఠస్థం అయినంత మాత్రాన మాట మనసుకెక్కదు.

‘హరకత్ మే బర్కత్’ అంటాం కదా. హరకత్ సాగాలంటే ఖువ్వత్ పెడుతూనే ఉండాలని పిల్లలు అనుకుంటారు. అరస్తూ కూడా అట్లాగే అనుకున్నాడు. 1037లో వఫాత్ అయిన ఇబ్న్ సీనా వేరే మాట చెప్పాడు: విసిరిన వస్తువులో ‘మైల్’ ఉంటుంది, అడ్డు లేకపోతే అది ఆగదు. 1687లో న్యూటన్ తన నియమాలను గణితంతో కలిపి ముందుపెట్టాడు. ఖువ్వత్ పని హరకత్‌ను నిలబెట్టడం కాదు, దాన్ని మార్చడం.

పాలమూరు బస్సు బ్రేకు వేస్తే ఒళ్లు ముందుకు ఎందుకు తూలుతుంది? ఎవరూ నెట్టలేదు. బస్సు ఆగింది, ఒళ్లు తన హరకత్‌లోనే ఉంది. అదే జుమూద్.

తొమ్మిదో తరగతి బిడ్డను ఈ సవాల్ ఇంటి జబాన్‌లో అడగండి. జవాబు కూడా అదే జబాన్‌లో చెప్పనివ్వండి. సమజైన తర్వాత పరీక్షలో జడత్వం అని రాసినా, ఇనర్షియా అని రాసినా మార్కులు ఎటూ పోవు. సమజ్ కాకపోతే మాత్రం ఏ మీడియంలో వేసినా లాభం లేదు.