ఒక పురుగు కాపాడిన నేల

ఎరుపు ఎక్కించడం ఎంత పనో నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మాది పెడన. గుడ్డని కరక్కాయ నీళ్ళలో నానబెట్టి, ఎండేసి, పటిక అచ్చు కొట్టి, కాలవలో జాడించి, రాగి గుండిగలో ఉడకేస్తే గానీ అద్దకం గుడ్డ మీద ఎరుపు నిలవదు. గుండిగ దగ్గర మా నాన్న నిలబడ్డాడంటే ఇంట్లో ఎవరూ ఆయన్ని పలకరించేవాళ్ళం కాదు. మంట కాస్త ఎక్కువైతే చాలు, ఎరుపు కాస్తా ఇటికరాయి రంగుకి దిగిపోతుంది. అందుకే మెక్సికో నుంచి వచ్చాక "పిరమిడ్లు ఎలా ఉన్నాయండీ?" అని అడిగినవాళ్ళందరికీ నేను ఒక పురుగు సంగతి చెబుతూ వచ్చాను.

కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యాక, హ్యూస్టన్‌లో ఉంటున్న మా అమ్మాయితో కలిసి మూడు వారాలు దక్షిణ మెక్సికోలోని వహాకా రాష్ట్రం తిరిగాను. వీపుకి చెరో సంచి తగిలించుకుని బస్సుల్లో, షేర్ వ్యాన్లలో ప్రయాణం. స్పానిష్ తనకి వచ్చు, నాకు రాదు.

మొదట ఎక్కింది మోంతే అల్బాన్ గుట్ట. క్రీస్తుకు పూర్వం 500 ప్రాంతంలో జపోతెక్ జనం ఆ గుట్ట నెత్తిని చదును చేసి నగరం కట్టారు. లోయ నుంచి 400 మీటర్ల ఎత్తు. పైన విశాలమైన రచ్చబండ లాంటి మైదానం, చుట్టూ మెట్ల గుళ్ళు. పన్నెండు, పదమూడు వందల ఏళ్ళు వెలిగి ఆ ఊరు ఖాళీ అయింది. తర్వాత మిష్తెక్ జనం ఆ పాత సమాధుల్ని తమ పెద్దల కోసం మళ్ళీ తెరిచి వాడుకున్నారు. అలాంటి వాటిలో ఏడో నంబరు సమాధిని 1932 జనవరిలో అల్ఫోన్సో కాసో తెరిస్తే బంగారం, ముత్యాలు, పచ్చరాళ్ళు, బొమ్మలు చెక్కిన ఎముకలు బయటపడ్డాయి. మ్యూజియంలో ఆ నగల ముందు జనం గంటల తరబడి నిలబడతారు. నేనూ నిలబడ్డాను. కానీ నా మనసు లేనిదాని మీద ఉంది. ఆ నగలు వేసుకున్నవాళ్ళు ఏ బట్ట కట్టారు? బంగారం మిగిలింది, గుడ్డ మట్టిలో కలిసిపోయింది. రాయి మీద ఎరుపు పూయాలంటే ఎర్రమన్ను చాలు. గుడ్డకి పట్టి, ఉతికినా పోని ఎరుపు కావాలంటే మాత్రం ఆ లోయలో ముఖ్యమైన దారి ఒకటే, నాగజెముడు మీద బతికే పురుగు.

దాన్ని దగ్గరగా చూసింది తియొతిత్లాన్‌లో. వహాకా పట్నానికి తూర్పున ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉన్న జపోతెక్ నేతగాళ్ళ ఊరు అది. ఇంటి పెరట్లో నాగజెముడు మట్టలు వరసగా వేలాడదీసి ఉన్నాయి. మట్టల మీద అక్కడక్కడా బూజు పట్టినట్టు తెల్లటి పొడి. నేసే ఆవిడ పుల్లతో ఆ తెలుపుని గీకి ఒక పురుగుని నా అరచేతిలో వేసింది. జొన్నగింజంత ఉంటుంది. కాళ్ళు కనబడవు, రెక్కలు లేవు. "నలపండి" అంది. వేలితో నొక్కాను. అరచేతి గీతల్లోకి ముదురు ఎరుపు పాకింది, నెత్తురు కంటే చిక్కన. ఆవిడ దాని మీద నిమ్మకాయ పిండింది. రంగు తేలికపడి కనకాంబరం వన్నెకి తిరిగింది. పక్కనే చిటికెడు సోడా చల్లింది, అక్కడ ఊదా రంగు వచ్చింది. ఒకే పురుగు, ఒకే అరచెయ్యి, మూడు రంగులు. మా నాన్న ఉండి ఉంటే ఆ పెరట్లోంచి కదిలేవాడు కాదు.

అజ్తెక్‌ల నవాత్ల్ భాషలో దీని పేరు నొచెజ్త్లి, అంటే జెముడుపండు నెత్తురు. రంగు ఇచ్చేది ఆడపురుగే. పుట్టిన కొద్దిరోజులకే ముక్కు మట్టలో గుచ్చి, చచ్చేదాకా అక్కడే ఉంటుంది. చీమలు తనని తినకుండా ఒంట్లో కార్మినిక్ ఆమ్లం తయారుచేసుకుంటుంది. ఎండిన పురుగు బరువులో అయిదో వంతు దాకా ఆ ఆమ్లమే. మనుషులు తరతరాలుగా ఏరి ఏరి పెంచిన జాతి ఇది. అడవి చుట్టాల కంటే పెద్దది, రంగు ఎక్కువ, ఒంటి మీద తెల్లపొడి తక్కువ. కప్పుకునే పొడి తగ్గింది కాబట్టి వానకీ మంచుకీ తట్టుకోలేదు. మనిషి కాపలా లేకపోతే బతకదు. చిన్న చిన్న అల్లిక గూళ్ళలో తల్లిపురుగుల్ని పెట్టి మట్టలకి గుచ్చాలి. పిల్లలు పాకి మట్టకి అంటుకున్నాక మూడు నెలలు కంటికి రెప్పలా చూడాలి. వానాకాలం వస్తే మట్టలు కోసి చూరు కింద వేలాడదీయాలి. ఆఖరికి ఒక్కొక్కటే దులిపి, ఎండలోనో ఆవిరిలోనో చంపి ఆరబెట్టాలి. కిలో ఎండు సరుకుకి లక్షన్నర దాకా పురుగులు పడతాయి. అజ్తెక్ రాజులకి వహాకా ఊళ్ళు సంచులకొద్దీ ఈ సరుకుని కప్పంగా కట్టేవి. ఆ లెక్కలు 16వ శతాబ్దపు మెండోసా చిత్రగ్రంథంలో బొమ్మలుగా నేటికీ ఉన్నాయి.

స్పెయిన్‌వాళ్ళు 1521లో అజ్తెక్ రాజధానిని పట్టుకున్నాక బంగారం, వెండి కోసం వెతికారు. సంతల్లో రాశులు పోసిన ఈ ఎండు గింజల విలువ కూడా త్వరగానే తెలిసింది. యూరప్‌లో అప్పటిదాకా మేలైన ఎరుపు వేసిన పట్టు, ఉన్ని రాజులకీ మతాధికారులకీ శ్రీమంతులకీ తప్ప అందేవి కావు. వాళ్ళ దగ్గరున్న ఎర్ర పురుగుల కంటే మెక్సికో పురుగు ఎన్నో రెట్లు గాఢం. 1553కే మధ్య మెక్సికోలోని త్లాక్స్‌కాలా పట్టణ సభలో పెద్దలు ఫిర్యాదు చేశారు. సామాన్యులు మొక్కజొన్న వదిలేసి ఈ పురుగు పెంచుతున్నారనీ, చేతిలో డబ్బు ఆడేసరికి పెద్దల్ని లెక్కచేయడం లేదనీ వాళ్ళ గోడు. ఆ ఫిర్యాదు చదివినప్పుడల్లా నాకు సంతోషమే. పెద్దల కోపంలోంచే ఒక సామాన్యుడి సంపాదన మన కంటపడుతోంది.

మెక్సికో నుంచి వెళ్ళే ఎగుమతుల్లో వెండి తర్వాతి స్థానం దీనిదే. ఇంగ్లీషు సైన్యాధికారుల ఎర్రకోట్లు దీనివే. మామూలు సిపాయికి మంజిష్ఠ జాతి వేరు ఎరుపుతో సరిపెట్టేవారు. అయితే ఇది గింజో పురుగో యూరప్‌కి చాలాకాలం తెలియలేదు. స్పెయిన్‌వాళ్ళు పెట్టిన పేరే 'గ్రానా', అంటే గింజ. ఇది పురుగేనని ఒక డచ్చి పెద్దమనిషి తన స్నేహితుడితో పందెం కాశాడు. 1725లో వహాకాలో దీన్ని పెంచేవాళ్ళ చేత ప్రమాణపూర్వకంగా సాక్ష్యం చెప్పించి తెప్పించుకుని గెలిచాడు. పట్టా పుచ్చుకున్న పండితులకి తేలని సంగతి, రోజూ దాన్ని దులిపే రైతు నోటి నుంచే తేలింది.

ఇక అసలు విషయానికి వస్తాను. చెరకు అయితే పెద్ద తోటలు కావాలి, కూలీలు కావాలి, మరలు కావాలి. అందుకే ఆ ఖండంలో చెరకు పండిన చాలాచోట్ల దొరలు భూములు మింగారు, మనుషుల్ని బానిసలు చేశారు. ఈ పురుగు అలా లొంగలేదు. దానికి కావలసింది ఓపిక. కొరడా కింద పనిచేసే చెయ్యి సుతారంగా పురుగుని దులపదు. ఇంటి పెరట్లో, ఆడవాళ్ళూ పిల్లలూ ముసలివాళ్ళూ అందరూ తలో చెయ్యి వేస్తే తప్ప సరుకు రాదు. పెద్ద కమతాలు పెట్టి పెంచడం లాభసాటి కాదని స్పెయిన్ దొరలకి అనుభవంలో తెలిసింది. దాంతో వహాకాలో పురుగు రైతు చేతిలోనే ఉండిపోయింది, రైతు కింద నేల కూడా ఊరి చేతిలో మిగిలింది. మెక్సికోలో తక్కిన చాలాచోట్ల ఊళ్ళు భూములు పోగొట్టుకుంటున్న కాలంలో వహాకా ఊళ్ళు తమవి నిలుపుకున్నాయి. కొండల అడ్డు, ఊళ్ళ పట్టుదల, కోర్టుల్లో వాళ్ళు నడిపిన దావాలు, ఇవన్నీ కారణాలే. కానీ నా లెక్కలో ఈ పురుగుకి పెద్ద వాటా ఉంది.

అయినా దోపిడీ ఆగలేదు, దారి మార్చుకుంది. జిల్లా అధికారి ఇంటింటికీ ముందస్తు డబ్బు ఇచ్చేవాడు, పౌను సరుకుకి పన్నెండు రియల్ నాణేల లెక్కన. కోతకాలంలో సరుకు ఆయనకే పోయాలి. సంతలో ధర రెట్టింపు ఉన్న ఏడు కూడా ఒప్పుకున్నది ఒప్పుకున్నట్టే. ఇది చదువుతుంటే నాకు బందరు తీరం కళ్ళముందు ఆడింది. ఈస్టిండియా కంపెనీ వాళ్ళు బయానా ఇచ్చి మన నేతగాళ్ళని కట్టిపడేసింది ఇదే పద్ధతిలో కదా! 1660 మార్చిలో వహాకాలోని తెవాంతెపెక్ జనం ఓర్చుకోలేక తిరగబడ్డారు. వాళ్ళ చేత బలవంతాన గుడ్డలు నేయించి గుంజుకున్న అధికారి హ్వాన్ దె అవెయాన్‌ని చంపేశారు. ఆ బయానా పద్ధతిని స్పెయిన్ రాజు 1786లో నిషేధించాడు. అంతకు ముందే, 1774లో, వహాకాలో నమోదైన సరుకు పదిహేను లక్షల పౌన్లు దాటింది.

ఆ డబ్బు ఎటు పోయిందో వహాకా పట్నంలో తల ఎత్తితే కనిపిస్తుంది. లేత ఆకుపచ్చ రాతి మేడలు, లోకప్పంతా బంగారు పూత పూసిన సాంతో దొమింగో గుడి. పట్నం మధ్యలో సాయంత్రం బెంచీ మీద కూర్చుంటే చల్లగాలి, బాండు మేళం, అమ్మకానికి వచ్చిన బుట్టలు. అంతా అందమే. కాకపోతే ఆ గోడల ముందు ఫోటో దిగేటప్పుడు పెరట్లో మట్టలు దులిపిన చేతులు గుర్తుకు రావాలి. గుడి వెనక తోటలో, 19వ శతాబ్దంలో సైన్యం గుర్రాలతో మకాం పెట్టిన చోట, ఇప్పుడు ఆ రాష్ట్రపు మొక్కలు పెంచుతున్నారు. వాటిలో పురుగు పట్టిన నాగజెముడు కూడా ఉంది. ఆ స్థలం వ్యాపారానికి పోకుండా చిత్రకారుడు ఫ్రాన్సిస్కో తొలేదో, ఆయన మిత్రులూ పోరాడి నిలిపారు.

ఇంత లాభం ఉన్నచోట దొంగ రాకుండా ఉంటాడా? 1777లో తియెరీ ద మెనోవీల్ అనే ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త మాయమాటలతో మెక్సికోలో దిగాడు. వెళ్ళిపొమ్మని ఆజ్ఞ వచ్చినా దొంగదారిన వహాకా చేరి, పురుగు పట్టిన మట్టల్ని పెట్టెల్లో దాచి, ఫ్రెంచి వాళ్ళ సాన్ దొమాంగ్ వలసకి చేర్చాడు. మూడేళ్ళకే ఆయన పోయాడు, పురుగులూ నిలవలేదు. మన వైపు కథ కూడా ఉంది. మద్రాసులో కంపెనీ వైద్యుడు జేమ్స్ ఆండర్సన్ 1786 నుంచి ఈ పురుగు కోసం ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. సైదాపేటలో నాగజెముడు తోట వేయించాడు. 1795లో నీల్సన్ అనే కెప్టెన్ బ్రెజిల్ నుంచి పురుగులు తెచ్చాడు. తెచ్చింది వహాకా పురుగు కాదు, దాని అడవి చుట్టం. రంగు పలచన, ఆకలి మాత్రం ఎక్కువ. దక్షిణాదిన ఒక రకం నాగజెముడుని దాదాపు తుడిచిపెట్టి ఊరుకుంది. మొక్కని మోసుకురావచ్చు, పురుగుని మోసుకురావచ్చు. వాటిని వందల ఏళ్ళు పెంచిన చేతుల ఒడుపు పెట్టెలో పట్టదు.

చివరికి పురుగుని ఓడించింది రసాయనశాల. 1821 తర్వాత గ్వాతెమాలా, కనరీ దీవుల సరుకు వచ్చి ధర పడింది. 1856లో పెర్కిన్ అనే రసాయనవేత్త కృత్రిమ ఊదా రంగు కనిపెట్టాడు. 1860ల చివర జర్మనీలో అలిజరిన్ అనే ఎరుపు కృత్రిమంగా తయారైంది. ఇక్కడ నా గొంతుకి ఏదో అడ్డుపడుతుంది. మా నాన్న గుండిగలో పడింది కూడా ఆ అలిజరినే. బందరు అద్దకానికి పేరు తెచ్చిన చిరివేరు ఆయన నాటికే డబ్బా పొడికి చోటిచ్చి తప్పుకుంది. వహాకా పురుగునీ, కృష్ణాతీరపు వేరునీ ఒకే కాలం, ఒకే రకం రసాయనం పక్కకి నెట్టేశాయి.

వహాకా నుంచి కొండలు దిగి పసిఫిక్ తీరం చేరాం. వతుల్కో దగ్గర ఇసుక తెల్లన, నీళ్ళు పచ్చన. మా అమ్మాయి ఈత కొడుతుంటే నేను రాళ్ళ దగ్గర ఒక మిష్తెక్ ముసలాయన్ని చూస్తూ కూర్చున్నాను. చేతికి నూలు చిలప చుట్టుకుని, అల వెనక్కి వెళ్ళినప్పుడల్లా రాతి సందులోంచి నత్తని పుల్లతో ఊడదీసి, నొక్కి, పాల లాంటి చుక్కని నూలుకి పూసి, నత్తని మళ్ళీ తడి నీడలో పెడుతున్నాడు. నూలు ముందు పసుపు, తర్వాత ఆకుపచ్చ, ఎండ తగిలేకొద్దీ ఊదా. 1980లలో ఒక జపాన్ కంపెనీ రంగు కోసం ఈ నత్తల్ని విచ్చలవిడిగా పిండి చంపింది. మిష్తెక్ అద్దకందార్లు మొరపెట్టుకుంటే 1988లో ప్రభుత్వం నత్తకి రక్షణ ఇచ్చింది. వాళ్ళ ఆడవాళ్ళు కట్టే పోసావాంకో అనే చుట్టుబట్టలో సంప్రదాయంగా మూడు రంగుల చారలు ఉంటాయి. నత్త ఊదా, నీలిమందు నీలం, పురుగు ఎరుపు. సముద్రం, చేను, పెరడు, మూడూ ఒక్క గుడ్డలో.

తిరుగు ప్రయాణంలో మళ్ళీ తియొతిత్లాన్ వెళ్ళాం. ఎర్రటి చిన్న జంపఖానా ఒకటి కొన్నాను. రసాయనం రంగుదైతే తక్కువకే దొరికేది, పురుగు రంగుకి రెట్టింపు పైన ఇచ్చాను. మీరెవరైనా వెళితే మీరూ అడిగి అదే కొనండి. వచ్చేముందు పెరటి గోడ అవతల నాగజెముడు వరసలు చూపించి, ఆ నేల ఎవరిదని మా అమ్మాయి చేత అడిగించాను. ఆవిడ మగ్గం మీంచి తల తిప్పి, "ఊరిది" అంది.