ఊరి పద్దు ఊరి ముందు చదివితే

పాత పాలమూరుకు, అంటే ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాకు, అక్టోబరు బరువైన నెల. 2009 అక్టోబరు 2న తుంగభద్ర పొంగి ఆలంపూర్, రాజోలిలను ముంచెత్తింది. 2016 అక్టోబరు 11న గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలయ్యాయి. సమాచార హక్కు చట్టం అమల్లోకి వచ్చింది కూడా ఈ నెలలోనే, 2005లో 12వ తేదీన.

వీటన్నిటికీ చాలా ముందు, గద్వాల, వనపర్తి, కొల్లాపూర్ సంస్థానాల కాలంలో పంట పోతే రైతు చూపు గడీ వైపు తిరిగేది. శిస్తు తగ్గించినా, గింజలు పంచినా అది దొరవారి దయ. 1876-78 ధాత కరువు దక్కనును ఊడ్చేసింది. సంస్థానాలు పోయినా భూమి, పంటల లెక్క రాసే పహాణీ చాలాకాలం పట్వారీ చేతిలోనే ఉండిపోయింది.

ఊరి లెక్కను ఊరివాళ్లకే చదివి వినిపించే పని 2006లో మొదలైంది. ఉపాధి హామీ పథకం తొలి విడత జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. 1994లో రాజస్థాన్ గ్రామాల్లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ నడిపిన బహిరంగ విచారణల బాటలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సామాజిక తనిఖీ చేపట్టింది. తనిఖీ చేసింది పెద్ద ఆఫీసర్లు కాదు, కూలీల ఇళ్లలోని చదువుకున్న పిల్లలు. మస్టర్లు చేతబట్టి గడప గడపకూ వెళ్లి అడిగేవారు: ‘‘అమ్మా, నీ పేరు మీద ఇన్ని దినాల పని రాసిన్రు, చేసినవా? పైసలు ముట్టినయా?’’ చనిపోయినవాళ్లు, వలస పోయినవాళ్లు కూడా కాగితం మీద మట్టి మోసిన సంగతి ఇలాంటి తనిఖీల్లోనే బయటపడేది. తర్వాత గ్రామసభ, ఆపైన మండల కేంద్రంలో ప్రజావేదిక. అక్కడ కూలీ మైకు పట్టుకుని మాట్లాడితే అధికారి జవాబు చెప్పాలి. తిన్న సొమ్ము కక్కించిన సందర్భాలూ ఉన్నాయి. తెలుగు పల్లె పాలనలో ఇంతకన్నా గొప్ప ఘట్టం అరుదు.

పంట నష్టానికి మాత్రం తెలంగాణలో ఈ పద్ధతి రాలేదు.

కేంద్ర నిబంధనల ప్రకారం 33 శాతం, ఆపైన నష్టపోతేనే ఇన్‌పుట్ సబ్సిడీ. 2022లో సవరించిన రేట్ల ప్రకారం వర్షాధార పంటకు హెక్టారుకు 8,500 రూపాయలు, నీటివసతి ఉంటే 17,000, అదీ రెండు హెక్టార్ల వరకే. ఎకరానికి లెక్కగడితే వర్షాధార రైతుకు దక్కేది 3,440 రూపాయలే. 2023 వడగళ్లకూ 2024 సెప్టెంబరు వరదలకూ రాష్ట్ర ప్రభుత్వాలు ఎకరానికి 10,000 ప్రకటించాయి. ఆ సొమ్ము ఎవరికన్నది వ్యవసాయ విస్తరణ అధికారి (ఏఈఓ) చేలో రాసుకునే వివరాల మీద ఆధారపడుతుంది. 32 శాతమని రాస్తే రైతుకు ఏమీ రాదు. ఆ అంకె రైతుకు తెలిసే సరికి గడువు దాటిపోతుంది. కౌలుదారు కష్టం మరీ ఎక్కువ. సాగు అతనిది, పాస్‌బుక్కు పట్టాదారుది. 2011లో కౌలుదార్లకు గుర్తింపు కార్డుల చట్టం వచ్చినా అది నీరుగారింది.

సబ్సిడీ పథకాల లబ్ధిదారుల వివరాలు ఎవరూ అడగకముందే వెల్లడించాలని సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ చెబుతోంది. తుంగభద్ర వంతెన దాటితే కర్నూలు. ఆ ఒడ్డున, ఆంధ్రప్రదేశ్‌లో, 2020 తర్వాత ఇన్‌పుట్ సబ్సిడీ జాబితాలను రైతు భరోసా కేంద్రాల్లో అంటించి, అభ్యంతరాలు తీసుకున్నారు. ఈ ఒడ్డున క్లస్టర్‌కొక రైతు వేదిక కట్టి ఉంది. సర్వే నంబరు, ఎకరాలు, నష్ట శాతం, ఇచ్చే సొమ్ము రాసిన కాగితాన్ని డబ్బు పడకముందే దాని గోడకు అంటించాలి, గ్రామసభలో చదవాలి. అందుకు కొత్త చట్టం అక్కర్లేదు, కలెక్టర్ ఉత్తర్వు చాలు.